టెక్ సందేహాలు: ఈ ఏడాది నా మనసు దోచిన గేములకు గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు

డిసెంబరు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు గేముల గురించే ఉంటాయి. మీరేం ఆడారని కొందరు అడుగుతారు, మా సిస్టమ్‌లో నడుస్తుందా అని మరికొందరు. ఈసారి రెండింటికీ కలిపే జవాబు చెబుతున్నాను. ఎందుకంటే 2024లో నేను బాగా ఇష్టపడి ఆడిన మొదటి రెండు గేములూ గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్‌లో ఆడినవే.

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. స్నేహితులు గేమింగ్ లాప్‌టాప్ కొనమంటున్నారు. ఉన్నదాంట్లో ఆడదగ్గ గేములు ఈ ఏడాది ఏమైనా వచ్చాయా? మీకు అన్నిటికన్నా నచ్చింది ఏది? (హనుమకొండ)

జవాబు: కొనకండి. కనీసం ఈ రెండు గేములు ఆడేదాకా ఆగండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది బలాట్రో. ఫిబ్రవరి 20న విడుదలైంది. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉండే కెనడా డెవలపర్ ఒక్కరే దీన్ని డిజైన్ చేసి కోడ్ రాశారు. ఇది పేక ముక్కల ఆట. పండక్కి ఊరెళ్ళి చాప మీద రమ్మీ ఆడినవాళ్ళకు పది నిమిషాల్లో పట్టుబడుతుంది. చేతికి 8 ముక్కలొస్తాయి. వాటిలోంచి 5 దాకా ఎంచి దించాలి. జత, వరుస, అన్నీ ఒకే జాతి, ఇలా ఏది దించామన్నదాన్ని బట్టి చిప్స్ అనే పాయింట్లు, వాటిని హెచ్చించే అంకె వస్తాయి. ఆ గుణకారం ఇచ్చిన మొత్తంతో లక్ష్యం దాటాలి.

అసలు మజా జోకర్లలో ఉంది. రమ్మీలో జోకరంటే లేని ముక్కకు బదులు పెట్టుకునేది. ఇక్కడ అది చేతిలోకి రాదు. పైన వరసగా కూర్చుని ఆట నియమాలనే మార్చేస్తుంది. ఒక జోకరుంటే ఐదు ముక్కలు కావాల్సిన వరుస నాలుగింటికే అయిపోతుంది. ఇంకొకటి ఉంటే మధ్యలో అంకె తప్పినా వరుస చెల్లుతుంది. మరొకటి ఆఠీన్లనూ డైమన్లనూ ఒకే జాతిగా, ఇస్పేట్లనూ కళావర్లనూ ఒకే జాతిగా లెక్కిస్తుంది. ఇలాంటివి 150 ఉన్నాయి. మామూలుగా ఒకేసారి ఐదే పెట్టుకోగలం. ఏ ఐదు ఒకదానికొకటి కలిసొస్తాయో కనిపెట్టడమే ఆట.

ఒక రాత్రి నా పేక కట్టలో మిగతా జాతులన్నీ తగ్గించుకుంటూ, కళావర్లు పెంచుకుంటూ ఏడో మెట్టు దాకా వెళ్ళాను. అక్కడ మెట్టు చివర ఎదురైన బాస్ (కఠిన నియమంతో వచ్చే రౌండు) నియమం ఏమిటంటే కళావరు ముక్కలకు విలువ లేదు. గంటసేపు కట్టుకున్నదంతా రెండు నిమిషాల్లో కూలింది. ఆటను తప్పుపట్టడానికి ఏమీ లేదు, అన్నీ ఒకే జాతి మీద పెట్టింది నేనే. వెంటనే కొత్త ఆట మొదలుపెట్టాను. ఓడిపోయిన మరుక్షణం మళ్ళీ ఆడాలనిపించేలా చేసిన గేమ్ ఈ ఏడాది నాకు ఇంకోటి దొరకలేదు. డిసెంబరు 12న జరిగిన గేమ్ అవార్డ్స్ వేడుకలో దీనికి మూడు పురస్కారాలు వచ్చాయి. నన్నడిగితే ఏడాది ఉత్తమ గేమ్ కూడా దీనికే ఇచ్చేవాణ్ణి.

రెండోది యానిమల్ వెల్. బిల్లీ బాసో అనే ఆయన ఏడేళ్ళ పాటు ఒంటరిగా తయారుచేశారు. గేమును నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఇంజిన్ కూడా సొంతంగా రాసుకున్నారు. అందుకే గేమ్ మొత్తం 40 ఎంబీ లోపే, వాట్సాప్‌లో వచ్చే పెళ్ళి వీడియో ఇంతకన్నా బరువుంటుంది. మీరొక చిన్న ముద్దలాంటి ప్రాణి. చీకటి గుహల్లో పుట్టారు. చేతిలో కత్తి ఉండదు, తుపాకీ ఉండదు. టపాకాయలు, బుడగలు ఊదే పుల్ల, యోయో లాంటి ఆటవస్తువులు దొరుకుతాయి. టపాకాయ వెలుగిస్తుంది, దయ్యాల్నీ తరుముతుంది. బుడగ ఊది దాని మీద ఎక్కి నిలబడొచ్చు. ఇవేవీ ఎవరూ చెప్పరు, మనమే కనిపెట్టాలి. గుహల్లో 64 గుడ్లు దాచిపెట్టారు. నేను మూడు వారాలు ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, మ్యాపులు గీసుకుంటూ ఆడాను. చిన్నప్పటి తర్వాత ఏ గేముకోసమూ నేను పెన్ను పట్టింది లేదు. దయచేసి యూట్యూబ్‌లో సమాధానాలు చూడకండి.

ఇక మీ లాప్‌టాప్ సంగతి. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌ను తర్వాత మార్చుకోవడం దాదాపు కుదరదు. కానీ విడి కార్డు లేనప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర 2లో 1 అని ఉంటే, రెండో స్లాటులో ఇంకో 8 జీబీ వేయించండి. రెండు దారుల్లో డేటా నడవడం వల్ల గేముల వేగం కంటికి తెలిసేంత పెరుగుతుంది. కొత్త లాప్‌టాప్ ధరలో ఇది చాలా చిన్న భాగం.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి ఫోన్లో బలాట్రో అని పేక ముక్కల గేమ్ ఆడుతున్నాడు. ఇది పేకాట కాదా? డబ్బు పోయే ప్రమాదం ఉందా? (తెనాలి)

జవాబు: మీ భయం సహజమమ్మా. ఆన్‌లైన్ రమ్మీ వల్ల ఎన్ని ఇళ్ళు దెబ్బతిన్నాయో మనం చూశాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించింది అందుకే. ఇది అలాంటిది కాదు. సెప్టెంబరులో ఫోన్లకు వచ్చిన ఈ గేమును ఒకసారి కొంటే సరిపోతుంది. పందెం లేదు, ఎదుటి ఆటగాడు లేడు, గెలిచినా రూపాయి రాదు, ఓడినా పోదు. లోపల కనిపించే డాలర్లు ఆటలోని లెక్కే.

యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ సంస్థ 2024లో దీనికి 18 ఏళ్ళ రేటింగ్ ఇచ్చింది (2025లో దాన్ని 12కు తగ్గించింది). ఆ 18ని డెవలపర్ బహిరంగంగా తప్పుపట్టారు. నేనూ ఆయన వైపే. డబ్బు పోసి అదృష్టప్పెట్టెలు తెరిచే ఫుట్‌బాల్ గేముకు 3 ఏళ్ళ రేటింగ్ ఇచ్చి, ఆట లోపల పైసా అడగని దీనికి 18 ఇవ్వడం న్యాయంగా అనిపించలేదు. ఏ గేమైనా సరే, ప్లే స్టోర్‌లో పేరు కింద ఇన్-యాప్ పర్చేజెస్ (ఆట లోపల డబ్బు పెట్టి కొనేవి) అని ఉందేమో చూడండి. మీరు పట్టించుకోవాల్సింది ముఖ్యంగా దాన్ని. చదువు వేళల గురించైతే ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌కు వెళ్ళి ఈ గేముకు రోజుకింత అని టైమర్ పెట్టండి. అబ్బాయికి చెప్పి, తన ముందే పెట్టండి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 3050 లాప్‌టాప్, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 16 జీబీ ర్యామ్. బ్లాక్ మిత్ వుకాంగ్ కొనొచ్చా? (విశాఖపట్నం)

జవాబు: ముందు కొనకుండానే పరీక్షించండి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఈ గేముకు బెంచ్‌మార్క్ టూల్ (మీ సిస్టమ్‌లో గేమ్ ఎలా నడుస్తుందో కొలిచే ప్రోగ్రామ్) ఉచితంగా ఉంది. గేమ్ కనీసం 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1060 అడుగుతోంది, కాబట్టి సెట్టింగులు బాగా తగ్గించాల్సి వస్తుంది. డిస్కులో 130 జీబీ ఖాళీ కావాలి, అదీ ఎస్‌ఎస్‌డీ అయితే మంచిది. కొన్నాక నచ్చకపోతే, 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది.

వుకాంగ్‌లో వానరరాజు కథ, చైనాలోని షాన్‌షీ ప్రాంతపు గుళ్ళు, శిల్పాలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ దారి ఉన్నట్టే కనిపించి అడ్డుపడే అదృశ్య గోడలు నన్ను చాలా విసిగించాయి. మీ లాప్‌టాప్‌కు నేనైతే ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద లాస్ట్ క్రౌన్ సూచిస్తాను. అందులో వెళ్ళలేని చోటు ఎదురైతే ఒక మీట నొక్కితే ఆ దృశ్యం ఫొటోగా మ్యాప్ మీద అతుక్కుంటుంది, మళ్ళీ ఎక్కడికి రావాలో మర్చిపోము. ఇంత చిన్న ఉపకారం ఇన్నేళ్ళుగా మిగతావాళ్ళకు ఎందుకు తట్టలేదో! ఇండియానా జోన్స్ గేమ్ జోలికి మాత్రం వెళ్ళకండి. దానికి కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ కావాలి.

ప్రశ్న: పీఎస్5 ఉంది. ఆరేళ్ళ పాపతో కలిసి ఆడటానికి ఆస్ట్రో బాట్ బాగుంటుందా? (డాలస్)

జవాబు: బాగుంటుంది, కానీ ఇద్దరూ ఒకేసారి ఆడే వీలు లేదు. కంట్రోలర్ ఒకరి తర్వాత ఒకరు పట్టుకోవాలి. కొనే ముందు మీ పీఎస్5లో ఉచితంగా వచ్చిన ఆస్ట్రోస్ ప్లేరూమ్ తెరవండి. అదీ ఆస్ట్రో బాట్‌ను తయారుచేసిన టీమ్ అసోబీ చేసిందే. గాజు మీద, ఇసుక మీద బొమ్మ నడుస్తుంటే కంట్రోలర్ ఒక్కోచోట ఒక్కోలా వణుకుతుంది. పాప చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని ఏ నేల మీద నడుస్తున్నామో చెప్పమనండి. మా అక్క కూతురు అలా అరగంట ఆడింది, ఒక్క స్థాయి కూడా దాటకుండా.