ట్రాక్ డేకి కారులో చిన్న కెమెరా: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

తమ్ముడూ, వచ్చే నెల మొదటిసారి చెన్నై దగ్గర ట్రాక్ డేకి, అంటే రేస్ ట్రాక్ మీద సొంత కారు తిప్పుకునే రోజుకి, పోతున్నానన్నావు. సొంత హ్యాచ్‌బ్యాక్‌లోనే తిప్పుతావు, ఒకే ఒక్క చిన్న కెమెరా కొంటావు, ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి, ముందద్దానికి అతికించే ఫోన్ హోల్డర్ సరిపోతుందా అని అడిగావు. హోల్డర్ సంగతి ముందే చెప్పేస్తా: వద్దు.

నాదీ కడపే. రాజంపేట, కోడూరు మీదుగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి నాలుగుసార్లు పోయొచ్చాను. మొదటిసారి నేనూ ముందద్దానికే అతికించాను, ఫోన్ కాదు గానీ కొత్త యాక్షన్ కెమెరాని, నాసిరకం సక్షన్ కప్పుతో, అంటే నొక్కితే గాలి పోయి అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పుతో. ఉదయం బాగానే పట్టుకుంది. ఎండెక్కాక రెండో సెషన్‌లో (ట్రాక్ మీదికి వదిలే ఒక్కో విడత), పొడవాటి తిన్నని దారి చివర బ్రేక్ గట్టిగా తొక్కగానే టప్‌మని ఊడింది. డ్యాష్‌బోర్డు మీద పడి, దొర్లి, నా కాళ్ల దగ్గరికొచ్చింది. బరువెంత? 150 గ్రాములు. కానీ అది బ్రేక్ పెడల్ కిందికి దూరితే పెడల్ కిందికి పోదు కదా. కిటికీలోంచి చెయ్యి చూపించి, మిగతా కార్లు పోయే దారి వదిలి, మెల్లగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేశాను. ఆ రోజు నాకు మిగిలిన వీడియోలో ఉన్నదల్లా రబ్బరు మ్యాటు, నా ఎడమ బూటు.

అందుకే నా లెక్కలో ముందు మౌంట్ (కెమెరాని పట్టి ఉంచే బిగింపు), తర్వాతే కెమెరా. గోప్రో, డీజేఐ ఆస్మో యాక్షన్, ఇన్‌స్టా360, వీటిలో రెండు తరాల పాత మోడలైనా నీకు చాలు. వీడియో మీద స్పీడు అంకెలు కావాలంటే మాత్రం ఒకటి చూసుకో. గోప్రో హీరో 12లో జీపీఎస్ తీసేశారు, 13లో మళ్లీ పెట్టారు. అయినా ఫోన్‌లో రేస్‌క్రోనో లాంటి ల్యాప్ టైమర్ యాప్ వేసుకుంటే ఆ పని అదే చేస్తుంది. ఫోన్ జేబులోనో, జిప్పున్న డోర్ పౌచ్‌లోనో ఉంటే చాలు. ఫోన్ కెమెరాతోనే తీద్దామనుకుంటే, 2021లో ఆపిల్ వాళ్లే బైక్ ఇంజిన్ల వైబ్రేషన్‌కి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని హెచ్చరించారు. కారులో అంత అదురు ఉండదు, నిజమే. కానీ అంత ఖరీదైన వస్తువుతో ప్రయోగం ఎందుకు? డ్యాష్‌క్యామ్ ఉంటే ఉండనీ, అది రోడ్డు చూపిస్తుంది, నీ చేతుల్ని చూపించదు.

అసలు చూడాల్సింది చేతుల్నే. ముందు సీట్ల మధ్య, హెడ్‌రెస్ట్ ఎత్తులో, కాస్త వెనక నుంచి తీస్తే స్టీరింగ్, గేరు, మీటర్లు, ముందున్న ట్రాక్ అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి. పక్కసీటు హెడ్‌రెస్ట్ కడ్డీకి, లోపలివైపు, మెటల్ క్లాంప్ బిగించు. సైకిళ్లకు వాడే క్లాంపులు ఆ కడ్డీకి వదులవుతాయి. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగి రెండు చుట్లు చుట్టి బిగిస్తే కదలదు, వైబ్రేషన్ కూడా కాస్త తగ్గుతుంది. ఆర్మ్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ప్రతి కీలు దగ్గరా ఊపు పెరుగుతుంది. బిగించాక కెమెరాని పట్టుకుని గట్టిగా ఊపు. సీటు కదలాలి గానీ కెమెరా ఒక్కటే కదలకూడదు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటే మాత్రం అక్కడ పెట్టకు, దెబ్బ తగిలితే ఆయన తల పోయేది అటే.

కొన్ని చిన్న కార్లలో హెడ్‌రెస్ట్ సీటుతో కలిసిపోయి ఉంటుంది, క్లాంప్‌కి కడ్డీయే దొరకదు. అప్పుడిక సక్షనే గతి. నేను రెండో కప్పు కొన్నాక మా వంటింట్లో పాలిష్ పట్టిన కడప బండ గట్టు వెనక నిలువు పలకకి పాతదీ కొత్తదీ పక్కపక్కన అతికించి, ఒక్కోదానికి అరకిలో ఉప్పు ప్యాకెట్ వేలాడదీసి పడుకున్నాను. అర్ధరాత్రి పాతది దబ్బుమని పడింది. పిల్లి దూరిందనుకుని మా ఆవిడ లేచి లైటు వేసింది, గట్టు మీద ఉప్పు చూసి నన్ను తిట్టింది. కొత్తది మాత్రం పొద్దున్నదాకా ఉంది. అద్దానికి అతికించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, మన దుమ్ము మామూలు గుడ్డకి పోదు. డ్యాష్‌బోర్డు పాలిష్ తుంపర్లు అద్దం మీద పడితే అసలు అతకదు. ప్రతి సెషన్‌కి ముందు పీకి మళ్లీ నొక్కు. క్లాంప్ అయినా, కప్పు అయినా, కెమెరా నుంచి సీటు కిందున్న ఇనుప పట్టాకి ఒక తాడు కట్టు. అది పెడల్స్ దాకా చేరనంత పొట్టిగా ఉండాలి.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే సంగతి. కెమెరాలో హైపర్‌స్మూత్, రాక్‌స్టెడీ అని స్టెబిలైజేషన్ (వీడియోలో వణుకు తగ్గించేది) ఉంటుంది కదా, కారు లోపల అది ఆపెయ్. నేను దాన్ని ఆన్‌లోనే ఉంచి మన కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్‌లో మామూలు వేగంతోనే ఒకసారి తీసి చూసుకున్నాను. ప్రతి మలుపులోనూ స్టీరింగు, డ్యాష్‌బోర్డు ఒక పక్కకి జారిపోయి, మలుపు అయ్యాక మళ్లీ మధ్యకి వస్తున్నాయి. కారు తిరిగితే కెమెరా లోపలి సెన్సరు అది చెయ్యి వణకడం అనుకుంటుంది, బొమ్మని ఎదురు దిక్కుకి లాగుతుంది. మౌంట్ గట్టిగా ఉంటే దాని అవసరమే లేదు. మా మెకానిక్ ఆ వీడియో చూసి "అన్నా, స్టీరింగు యాడికో పోతాందే" అన్నాడు. నీ మౌంట్‌ని కూడా ట్రాక్ కంటే ముందు ఆ ఘాట్‌లోనే పరీక్షించుకో, నిదానంగానే. అక్కడ పేరున్న పాలకోవా ఎలాగూ తెచ్చుకుంటావు.

సెట్టింగ్స్ పెద్ద పనేం కాదు. 4కే, సెకనుకు 60 ఫ్రేములు పెట్టు, ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుతురు) మెనూలో -0.5కి, అంటే అర స్టాప్, తగ్గించు, లేకపోతే కారు లోపలి చీకటికి సర్దుకుని బయటి ట్రాక్ అంతా తెల్లబారిపోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే నిమిషానికి 750 ఎంబీ, ఇరవై నిమిషాల సెషన్‌కి 15 జీబీ. వీ30 అని (రాసే వేగానికి గుర్తు) రాసున్న 128 జీబీ మెమరీ కార్డు, తెలిసిన షాపులోనే కొను.

వేడితో మాత్రం జాగ్రత్త. ఏసీ ఆపి, అద్దాలు దించి తిప్పుతాం కాబట్టి నడిచేటప్పుడు గాలి తగులుతుంది, సమస్య పిట్‌లో ఎండలో నిలిపినప్పుడే. సెషన్ అయిన వెంటనే ఆపేసి నీడలో పెట్టు. నాతో వచ్చిన ఒకతను తెలివిగా మజ్జిగ ప్యాకెట్లున్న ఐస్ డబ్బాలో పెట్టాడు. బయటికి తీసేసరికి లెన్స్ లోపల ఆవిరి పట్టి, తర్వాతి సెషన్ అంతా పొగమంచులో తీసినట్టు వచ్చింది.

పోయేముందు నిర్వాహకులకి మెయిల్ పెట్టి కెమెరాల రూల్ అడుగు. మాకు హెల్మెట్ మీద, కారు బయట వద్దన్నారు, లోపలిది కూడా స్క్రూటినీలో, అంటే ట్రాక్ మీదికి వదిలే ముందు కారుని తనిఖీ చేసేటప్పుడు, లాగి చూశాకే వదిలారు. ఇంటికొచ్చాక వీడియోని ఒకసారి సౌండ్ ఆపి చూడు. నేను అలా చూసినప్పుడే తెలిసింది, ప్రతి మలుపులోనూ నా ఎడమ చెయ్యి గేరు మీదే పడుకుని ఉంది. పన్నెండేళ్లుగా అలాగే నడుపుతున్నాననుకుంటా, ఎవరూ చెప్పలేదు.

నీ కారు ఏ మోడలో, హెడ్‌రెస్ట్ కడ్డీలు బయటికి కనిపిస్తాయో లేదో రాయి, క్లాంప్ సైజు చెప్తాను.