ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో మన పార్కు పోతుంటే ఏం చేయాలి?

మాస్టారూ, మీ కాలనీ పార్కు మీదుగా ముసాయిదా ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు గీశారనీ, మీ ఐదుగురు రాసిన లెటర్‌కు జవాబే లేదనీ అన్నారు కదా. "పార్కును కాపాడండి" అని రాస్తే ఫైలు కదలదు. కాలనీ లేఅవుట్ (ప్లాట్లు, రోడ్లు, పార్కు చూపే పటం) కాపీ తీయించి, పార్కు చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, సర్వే నంబరు వేసి, రోడ్డుకు వేరే దారి కూడా మీరే చూపించండి. ఇంటింటి నుంచీ విడివిడిగా అభ్యంతరాలు రాయించి, నోటిఫికేషన్‌లో ఇచ్చిన గడువులోపే మున్సిపల్ ఆఫీసు ఇన్‌వార్డులో, అంటే కాగితాలు తీసుకునే చోట, ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర మరిచిపోయి మేం మళ్లీ మొదటి నుంచి తిరిగాం! కామారెడ్డిలో రైతులు పట్టుబట్టడంతో 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. మీకు అంత పోరాటం అక్కర్లేదు లెండి. ముందు ఆదివారం టేపు పట్టుకుని పార్కు కొలవండి.