నవ్వితే తప్పా అయ్యగారూ?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా బాబుకి పదకొండేళ్లు. పోయిన ఆదివారం ఆరాధనలో ఒక సంఘపెద్ద గారు కళ్లు మూసుకుని పది నిమిషాలు ప్రార్థన చేశారు. తీరా చూస్తే మైకు ఆన్ చేసి లేదు, వెనక కూర్చున్న మాకు ఒక్క ముక్క వినపడలేదు. ఎవరో వెళ్లి స్విచ్చి వేసి ఆయన చెవిలో చెప్పారు. ఆయన కళ్లు తెరవకుండానే "మైకు సంగతి చూసుకోని సహోదరుణ్ణి క్షమించు తండ్రీ" అన్నారు. చర్చి మొత్తానికి వినపడిన మొదటి మాట అదే. మావాడు పకపకా నవ్వేశాడు. ఆరాధన అయ్యాక వాణ్ణి నిలబెట్టి, "ప్రభువు ఏడ్చాడని బైబిల్లో ఉంది, నవ్వాడని ఎక్కడైనా ఉందా?" అని అడిగి, బూతులు, సరసోక్తులు వద్దనే ఎఫెసీ 5:4 వచనం గట్టిగా చదివించారు. ఇప్పుడు వాడు చర్చికి రానంటున్నాడు. నవ్వడం పాపమా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను, కాబట్టి మీవాడితో పాటు నన్నూ నిలబెట్టాల్సిందే. ఆ పెద్దాయన మీద మాత్రం కోపం పెట్టుకోకండి. పది నిమిషాల ప్రార్థన ఎవరి చెవినా పడలేదంటే ఎవరికైనా చిన్నతనంగానే ఉంటుంది (వినాల్సినవాడు విన్నాడనుకోండి, అది వేరే సంగతి).

"యేసు కన్నీళ్లు విడిచెను." యోహాను 11:35. సండే స్కూలుకు కంఠత వాక్యం నేర్చుకోకుండా వచ్చిన పిల్లలందరినీ తరతరాలుగా గట్టెక్కిస్తున్న వాక్యం అది, నేనూ దాంతో చాలా ఆదివారాలు నెట్టుకొచ్చాను. ఆయన నవ్వాడని సువార్తల్లో రాసి లేదన్నది నిజమే. నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసోస్తొమ్ అంతటి ప్రసంగీకుడు ఈ మాటే అన్నాడు, అంచేత మీ పెద్దగారికి తోడు గట్టిదే ఉంది. కానీ ఆయన దగ్గాడనీ తుమ్మాడనీ కూడా రాసి లేదుగా! రాసి ఉన్నది ఏమిటంటే, ఆయన్ని జనం భోజనాలకు తెగ పిలిచేవాళ్లు, ఎంతగా అంటే గిట్టనివాళ్లు తిండిబోతు అని పేరు పెట్టేంత. ముఖం మాడ్చుకుని కూర్చునేవాణ్ణి పెళ్లికి పిలుస్తారా ఎవరైనా? పిల్లలు దగ్గరికి వెళ్తారా?

నన్నడిగితే చిక్కంతా మనం బైబిలు చదివే గొంతులో ఉంది. మన పాత తెలుగు బైబిలు భాష అంటే నాకు ప్రాణం, దాని బదులు ఇంకోటి చదవమంటే చేతులు రావు, కానీ "చుండెను", "నిశ్చయముగా" అనేసరికి గొంతు దానంతటదే బరువెక్కుతుంది, ఇక వంశావళి అయినా వేళాకోళమైనా ఒకటే రాగం. మత్తయి 23లో ప్రభువు పరిసయ్యులతో, అంటే ధర్మశాస్త్రం అక్షరం పొల్లుపోకుండా పాటిస్తామనుకునేవాళ్లతో, మీరు దోమను వడగట్టి ఒంటెను మింగుతారు అంటాడు. ధర్మశాస్త్రం ప్రకారం దోమా అపవిత్రమే, ఒంటే అపవిత్రమే. ఒకాయన ద్రాక్షారసంలో దోమ పడిందేమోనని గుడ్డ కట్టి, చుక్క చుక్కా వడగట్టుకుని, తర్వాత తీరిగ్గా ఒంటెను, ఆ మూపురంతో, ఆ కాళ్లతో సహా గుటుక్కున మింగుతున్నాడు. ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. ఆ మాట విని అక్కడి జనం ఆమెన్ అని ఊరుకున్నారంటే నేను నమ్మను.

అబ్రాహాము భార్య శారా సంగతి చూడండి. అబ్రాహాముకు నూరేళ్లు, ఆమెకు తొంభై. బిడ్డ పుడతాడంటే ముందు ఆయన సాగిలపడి నవ్వాడు, తర్వాత ఆమె గుడారం తలుపు చాటున వింటూ లోలోపల నవ్వుకుంది. ఎందుకు నవ్వావంటే భయపడి నేను నవ్వలేదంది. "లేదు, నువ్వు నవ్వావు" అన్నాడు ప్రభువు, అంతే, అక్కడితో ఆ మాట ఆగిపోయింది. శిక్ష లేదు, నిలబెట్టడం లేదు. అసలు అబ్రాహాము నవ్విన వెంటనే దేవుడే బిడ్డకు పేరు చెప్పేశాడు. ఇస్సాకు. హెబ్రీలో దానికి అర్థం "అతడు నవ్వును". మనకు ఆ పేరులో నవ్వు వినపడదు. తెలుగులోకి మార్చి రాసి ఉంటే "అబ్రాహాము నవ్వులయ్యను కనెను" అని ఉండేది, అప్పుడు తెలిసేది.

ఇక అపొస్తలుల కార్యములు 12. పేతురు జైల్లో ఉన్నాడు, మార్కు తల్లి మరియ ఇంట్లో చాలామంది చేరి ప్రార్థిస్తున్నారు. దూత పేతురుని విడిపిస్తే వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తియ్యడం మర్చిపోయి లోపలికి పరిగెత్తింది. వీళ్లు ప్రార్థన ఆపి, నీకు పిచ్చి అన్నారు. కాదు ఆయనే అంటే, ఆయన దూత అయ్యుంటుంది అన్నారు. దేవుడు జవాబు పంపిస్తే వాకిట్లో నిలబెట్టి వాదన! పాపం పేతురు తడుతూనే ఉన్నాడు. ఒకసారి పిల్లల వేసవి బైబిలు బడి, అదే వీబీఎస్‌లో పిల్లలతో ఈ నాటిక వేయించాం. లోపల వాదన మరీ రంజుగా సాగుతుంటే, పేతురు వేషం కట్టినవాడు తలుపు కొట్టీ కొట్టీ విసుగొచ్చి ఎదురు కొట్టుకు సోడా తాగడానికి వెళ్లిపోయాడు. తలుపు తీస్తే పేతురు లేడు. పాతికేళ్లయింది, ఆ ఊరు వెళ్తే ఇప్పటికీ అదే చెప్పుకుంటారు. ఆ ఏడు నేను చెప్పిన పాఠాలు ఒక్కటీ ఎవరికీ గుర్తు లేవు.

ఎఫెసీ 5:4 మాటకొస్తే, అందులో పౌలు బూతులు, పోకిరిమాటలు, సరసోక్తులు అన్నాడు. పై వచనంలోనే జారత్వం మాట ఉంది. గ్రీకులో ఆ మూడో మాట యూట్రపెలియా, కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. అరిస్టాటిల్ దాన్ని చమత్కారం అనే మంచి గుణంగా లెక్కేశాడు, పౌలు నాటికి దానికి వెకిలితనం వాసన కూడా అంటుకుంది. మన అనువాదకులు ఎవరోగానీ "సరసోక్తులు" అని సరిగ్గా పట్టుకున్నారు. సరసం ఏమిటో, డబుల్ మీనింగ్ ఏమిటో మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మైకు చూసి నవ్విన పిల్లాడికీ దానికీ ఏం సంబంధం? పదమూడో శతాబ్దపు వేదపండితుడు థామస్ అక్వినాస్ అయితే ఇంకో అడుగు వేసి, తాను సరదాగా ఉండక, ఇతరుల సరదాకూ అడ్డుపడేవాడిదే లోపం అని రాశాడు. ఇది మాత్రం మీ పెద్దగారికి చూపించకండి.

బాబుని బలవంతంగా లాక్కెళ్లొద్దు. ఈ రాత్రి కార్యములు 12 మీ ఇంటి మాటల్లో చదివి వినిపించండి, రొదే మాటలు మీరు, పేతురు తలుపు కొట్టడం వాడు. ఆరాధన మధ్యలో గట్టిగా నవ్వితే పక్కవాళ్లకు ఇబ్బంది అని కూడా చెప్పండి, అది నిజమే కాబట్టి.

ప్రశ్న: ఏలీయా ప్రవక్త బయలు అనే దేవుడి ప్రవక్తలను ఎగతాళి చేశాడు కదా. మరి మనం ఇతర మతాల వాళ్ల దేవుళ్ల మీద జోకులేస్తే తప్పేమిటి?
– ఒక యువకుడు, కరీంనగర్

జవాబు: తప్పే తమ్ముడూ. మీ దేవుడు ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతున్నాడేమో, గట్టిగా పిలవండి అని ఏలీయా అన్నది ఎప్పుడు? కర్మెలు కొండ మీద అటు నాలుగువందల యాభై మంది, వెనక రాణి అండ, ఇటు తను ఒక్కడు. అది ప్రాణాలకు తెగించినవాడి వేళాకోళం. నువ్వు వేసేది మీవాళ్ల వాట్సాప్ గ్రూపులో, పక్కింటాయన భక్తి మీద, ఎదురు చెప్పేవాడు లేనిచోట. రేపు ఎవరో మన ప్రభురాత్రి భోజనపు రొట్టె మీద, ద్రాక్షారసం మీద అలాంటిదే వేస్తే నీకెలా ఉంటుందో చూసుకో.

ప్రశ్న: మా పాస్టరుగారి ప్రసంగంలో వాక్యం పావువంతు, జోకులు ముప్పావు. ఇది కొత్త ఫ్యాషనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కొత్తదేం కాదండీ, ఐదువందల ఏళ్ల కిందటే దీని మీద ఫిర్యాదు ఉంది. జర్మన్ ప్రాంతాల్లో ఈస్టరు రోజున మరణం ఓడిపోయిందన్న సంతోషంతో ప్రసంగంలో జనాన్ని నవ్వించే ఆచారం ఉండేది, ఈస్టరు నవ్వు అనేవాళ్లు. పోనుపోను అది ముదిరి, ఒక గురువు కోకిలలా కూశాడనీ, ఇంకొకరు పేతురు పూటకూళ్లవాడి బాకీ ఎగ్గొట్టిన కట్టుకథ చెప్పారనీ ఎకొలాంపాడియస్ అనే ప్రసంగీకుడు 1518లో బాసెల్‌లో విమర్శ అచ్చేశాడు. మన క్రైస్తవ బుర్రకథలో కూడా హాస్యం చెప్పే వంత ఉంటాడు, కానీ కథ నడిపేది కథకుడే. మీ పాస్టరుగారు వంత పని కూడా తనే నెత్తినేసుకున్నట్టున్నారు. విడిగా, టీ తాగుతున్నప్పుడు చెప్పి చూడండి.

ప్రశ్న: పోపుగారు కమెడియన్లను పిలిచి మాట్లాడారట, నిజమేనా? రోజూ నవ్వు కోసం ప్రార్థన చేసేవారని కూడా విన్నాను.
– ఒక కతోలిక సోదరి, సికింద్రాబాద్

జవాబు: నిజమేనమ్మా. పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్ 14న వందమందికి పైగా హాస్యనటుల్ని వాటికన్‌కు పిలిచారు. మనం ప్రేమించేవాళ్లతో సరదాగా మాట్లాడినట్టే దేవునితోనూ నవ్వొచ్చు, అది దేవదూషణ కాదు అన్నారు. ఆయన రోజూ చేసుకున్న ప్రార్థన ఇంగ్లండులో 1535లో శిరచ్ఛేదమైన థామస్ మోర్ పేరు మీద చెలామణిలో ఉంది. "ప్రభువా, నాకు మంచి అరుగుదల ఇవ్వు, అరిగించుకోవడానికి ఏదైనా కూడా ఇవ్వు" అని మొదలవుతుంది. ఆ మోర్ వధ్యవేదిక మెట్లు ఎక్కుతుంటే అవి కదులుతున్నాయట, పక్కనున్న అధికారితో, ఎక్కేటప్పుడు కాస్త చెయ్యందించండి, దిగడం సంగతి నేను చూసుకుంటాను అన్నాడని ఆయన అల్లుడు రాసిపెట్టాడు. ప్రార్థన మొత్తం కావాలంటే వచ్చే సంచికలో తెలుగు చేసి ఇస్తాను.