చిన్నప్పటి సిరీస్ మళ్లీ చదువుతుంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ కథలు లైబ్రరీలోని పాత ప్రతుల్లో చదివాను. ఇప్పుడు మొదటి పుస్తకం కొత్తగా కొంటే కథ పరుగులు తీస్తోంది, నాన్సీ కూడా వేరే అమ్మాయిలా ఉంది. నాకే సరిగ్గా గుర్తు లేదా?

జవాబు: మీకు గుర్తున్నదే నిజం కావచ్చు. ముందు చేతిలో ఉన్న పుస్తకాన్ని పరీక్షించండి. 1930లో మొదలైన ఈ సిరీస్‌లో మొదటి 34 పుస్తకాలను 1959 నుంచి ఒక్కొక్కటిగా తిరగరాశారు. మొదటి పుస్తకంలో 25 అధ్యాయాలు 20 అయ్యాయి. పదహారేళ్ల నాన్సీ పద్దెనిమిదేళ్లది అయింది. పాత నాన్సీ దుడుకు పిల్ల, పెద్దవాళ్లకు కూడా ఎదురు చెబుతుంది. కొత్త నాన్సీ నెమ్మదస్తురాలు. జాతుల గురించిన చులకన రాతలను తీసేయడం కూడా ఆ తిరగరాతకు ఒక కారణం, అది అవసరమైన పనే. కానీ దాంతోపాటు తీరుబడిగా సాగే వర్ణనలూ పోయాయి. కొన్నిచోట్ల కథే మారింది. నాచు పట్టిన భవనం చుట్టూ తిరిగే 18వ పుస్తకాన్నే తీసుకోండి. 1971 పాఠంలో, అంటే తిరగరాసిన రూపంలో, కనిపించే రాకెట్ల గొడవ 1941 నాటి పాఠంలో లేనే లేదు.

ఏ పాఠమో తేల్చుకోవడం తేలికే. కాపీరైట్ పేజీలో 1930 పక్కనే 1959 కూడా ఉంటే అది తిరగరాసినది. ఆ పేజీ చిరిగిపోయి ఉంటే విషయసూచికలో అధ్యాయాలు లెక్కపెట్టండి. పసుపు రంగు వెన్ను, బొమ్మ ముఖచిత్రం చూసి మాత్రం నమ్మకండి. ఆ అట్టల్లో రెండు పాఠాలూ వచ్చాయి. పాతదే కావాలంటే 1991 నుంచి ఆపిల్‌వుడ్ సంస్థ తొలి ముద్రణలను ఉన్నదున్నట్టుగా మళ్లీ అచ్చువేసింది, వాటిని వెతకండి.

ఇంకో మాట. అట్ట మీద కనిపించే కారొలిన్ కీన్ అనే రచయిత్రి అసలు లేదు. మొదటి 30 పుస్తకాల్లో 23 రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్. 1 నుంచి 7, 11 నుంచి 25, ఆపైన 30. ఆ దుడుకు నాన్సీ మీద బెంగ ఉంటే ఈ అంకెల్లోంచి, అదీ పాత పాఠంలోంచి, ఎంచుకోండి.

ప్రశ్న: మాలరీ టవర్స్ అనే హాస్టల్ బడి కథల పన్నెండు పుస్తకాల సెట్ కనిపించింది. నేను ఆరే చదివినట్టు గుర్తు.

జవాబు: ఎనిడ్ బ్లైటన్ రాసినవి ఆరే, 1946 నుంచి 1951 వరకు. ఆరోదానితో కథానాయిక డారెల్ చదువు ముగుస్తుంది. తర్వాతి ఆరూ పమేలా కాక్స్ 2009లో రాసినవి, వాటిలో కథ డారెల్ చెల్లెలు ఫెలిసిటీది. డారెల్ కోసమే అయితే ఆరుతో ఆపేయండి.

ప్రశ్న: ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్ సిరీస్ మొత్తం చదవాలని కూర్చున్నాను. నాలుగో పుస్తకం దగ్గర బండి ఆగిపోయింది.

జవాబు: చాలామంది ఆగేది అక్కడే. తప్పు మీది కాదు, అట్ట మీది నంబర్లది. ఆ నంబర్లు ఆన్ వయసు ప్రకారం వేసినవి, పుస్తకాలు వచ్చిన వరస వేరు. మొదటి మూడూ 1908, 1909, 1915లో వచ్చాయి. మీరు ఆగిన నాలుగోది, విండీ పాప్లర్స్, 1936 నాటిది. చాలావరకు ఉత్తరాల రూపంలో ఉంటుంది, మూడోది ఇచ్చిన ఊపు అక్కడ తగ్గుతుంది. దాన్ని పక్కనపెట్టి 1917 నాటి హౌస్ ఆఫ్ డ్రీమ్స్, 1919 నాటి రెయిన్‌బో వ్యాలీ, ఆన్ కూతురి కథ అయిన 1921 నాటి రిల్లా చదవండి. 1936, 1939 పుస్తకాలను చివర్లో చదువుకోవచ్చు. 1939 నాటి ఇంగిల్‌సైడ్‌ను ముందే చదివితే నష్టం కూడా ఉంది. రిల్లాలో మొదటి ప్రపంచయుద్ధం ఏం చేస్తుందో అందులో సూచనగా చెప్పేశారు.

రిల్లా కొనేటప్పుడు జాగ్రత్త. 1976 నుంచి చాలాకాలం కుదించిన పాఠమే చలామణిలో ఉంది. పూర్తి పాఠం అని రాసి ఉన్న ముద్రణ తీసుకోండి.

ప్రశ్న: పసిపిల్లల్ని చూసుకునే అమ్మాయిల బృందం కథలు, బేబీ సిట్టర్స్ క్లబ్ పుస్తకాలు, చిన్నప్పుడు ఏకబిగిన చదివేదాన్ని. ఇప్పుడు మూడోదానికే విసుగొస్తోంది.

జవాబు: 1986లో నాలుగు పుస్తకాలే అనుకుని మొదలుపెట్టినది, 2000 నాటికి ప్రధాన సిరీస్‌లోనే 131 అయింది. ఏ పుస్తకం ముందు చేతికొచ్చినా అర్థం కావాలి కనుక దాదాపు ప్రతిదాంట్లోనూ రెండో అధ్యాయం పరిచయాలకే పోతుంది. ఎవరు ఏ బట్టలు వేస్తారు, క్లబ్ ఎలా పుట్టింది, అదంతా మళ్లీ మొదటినుంచి. మొదటి మూడు పుస్తకాల తర్వాత ఆ అధ్యాయం దాటేయండి, కథకు లోటు రాదు. పదో పుస్తకంలో ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలు చివరిదాకా అక్కడే ఉంటారు. కాబట్టి వరసగా చదివితే వాళ్లు పెరగడం కనిపించదు.

వరస వదిలేసి ఒక్క అమ్మాయిని పట్టుకోండి. ఒక్కో పుస్తకం ఒక్కొక్కరు చెప్పే కథ కదా. క్లబ్‌లోని క్లాడియానే తీసుకుంటే 7, ఆ వెంటనే 26 చదవండి. ఏడోదాంట్లో అమ్మమ్మ మిమీకి పక్షవాతం వస్తుంది, మాట తడబడుతుంది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ల తగాదా కోసం చదివిన పుస్తకమే ఇది. ఇప్పుడు మీ కళ్లు మిమీ మాట కోసం తడుముకునే చోట ఆగుతాయి. 26లో ఆ అమ్మమ్మ వీడ్కోలు. ఈ రెంటి మధ్య ఒక రోజు విరామం ఇవ్వండి.

ప్రశ్న: లిటిల్ హౌస్ పుస్తకాలు మా పాపకు చదివి వినిపించాలని ఉంది. అభ్యంతరకరమైన మాటలున్నాయని విన్నాను.

జవాబు: ఉన్నాయి, అందుకే ముందు మీరొక్కరే చదవండి. 1935 నాటి ప్రైరీ పుస్తకంలో ఒక వాక్యం ఆ నేల మీద మనుషులే లేరని, ఇండియన్లు, అంటే అమెరికా ఆదివాసులు, మాత్రం ఉన్నారని చెబుతుంది. 1953 ముద్రణలో మనుషులు అన్నచోట స్థిరపడిన వలసవాళ్లు అనే అర్థం వచ్చే మాట వేశారు. పొరుగింటి ఆవిడ నోట వచ్చే ద్వేషపు మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. 1941 నాటి లిటిల్ టౌన్‌లో నాన్న ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివాళ్లను అనుకరిస్తూ ఆడే ప్రదర్శన కూడా ఉంది.

ఆ పేజీలను చప్పుడు చేయకుండా దాటేయడం మాకు నచ్చదు. పెద్దయ్యాక తనే చదివి, మీరు దాచారని తెలుసుకుంటుంది. ఆ చోట ఆగి, అది ఓసేజ్ అనే ఆదివాసీ ప్రజల నేల అని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగండి. ఎనిమిదేళ్లలోపు పిల్లయితే ప్రైరీ పుస్తకాన్ని కొన్నాళ్లు ఆపి, 1932 నాటి బిగ్ వుడ్స్‌తో మొదలుపెట్టండి. ప్రైరీ చదివే ఏడాదే లూయీస్ ఎర్డ్రిచ్ రాసిన ది బర్చ్‌బార్క్ హౌస్ కూడా వినిపించండి. 1847లో మొదలయ్యే ఆ కథలో ఒమకయాస్ అనే ఓజిబ్వే ఆదివాసీ పిల్లకు ఏడేళ్లు. చెట్టు బెరడుతో ఇల్లు కట్టుకోవడం, చలికాలానికి తిండి దాచుకోవడం లిటిల్ హౌస్ పిల్ల లారా కథలో ఉన్నంత వివరంగా అందులోనూ ఉంటాయి.