టెక్ సందేహాలు: యాప్‌లో రూపాయిన్నర వడ్డీ అసలు ఎంత?

ప్రశ్న: తెనాలిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. ఎంబ్రాయిడరీ మిషన్ కొనడానికి 50 వేలు కావాలి. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీ అంటున్నారు. ఒక పీటూపీ (బ్యాంకు కాకుండా, డబ్బున్నవాళ్ల నుంచి నేరుగా అప్పు ఇప్పించే) లోన్ యాప్ మాత్రం రూపాయిన్నరకే ఇస్తానంటోంది, ఏడాదిలో తీర్చాలట. కాంటాక్ట్స్ చూస్తామంటే 'అలౌ' నొక్కేశాను. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ రూపాయిన్నర సంగతి తేలుద్దాం. మీ స్క్రీన్‌షాట్‌లో 'ఫ్లాట్' అనే మాట ఉంది, చూశారా? నెలకు 750 చొప్పున ఏడాదికి 9 వేల వడ్డీ. అసలుతో కలిపి 59 వేలు, నెల వాయిదా 4,917. ఈ పద్ధతిలో అసలు నెలనెలా తీరిపోతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా 50 వేల మీదే పడుతుంది. పన్నెండో నెలలో మీ దగ్గర మిగిలే అసలు నాలుగు వేల చిల్లర. దానికీ అదే 750!

పైగా కింద చిన్న అక్షరాల్లో 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు. చేతికొచ్చేది 48,500. ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఏడాదికి దాదాపు 38 శాతం, మన భాషలో మూడు రూపాయల పైన. మీ తెలిసినవాళ్లు మిగిలిన అసలు మీదే లెక్కగట్టేట్టయితే, వాళ్ల రెండు రూపాయలే నయం. యాప్ వాళ్లను 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' (అప్పు షరతులన్నీ రాసిన పత్రం) అడగండి. అప్పు ఇచ్చే ముందే అది ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం) అన్న ఒక్క అంకె చూస్తే చాలు.

ఇక కాంటాక్ట్స్. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, గ్యాలరీ జోలికి పోకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది. అడిగిందంటేనే అనుమానించాలి. సెట్టింగ్స్‌లో యాప్స్, పర్మిషన్స్‌లోకి వెళ్లి ఆపేయండి. అయితే ఇప్పటికే కాపీ చేసుకుని ఉంటే ఆ నంబర్లు వెనక్కి రావు. బెదిరింపు ఫోన్లు మొదలైతే టెన్షన్ పడి డబ్బు కట్టకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. యాప్ వెనకున్న సంస్థ పేరు ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోని ఎన్‌బీఎఫ్‌సీ-పీటూపీ (అనుమతి ఉన్న పీటూపీ సంస్థల) జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. అసలైన పీటూపీలో డబ్బు ఎస్క్రో ఖాతా (మధ్యలో డబ్బు భద్రంగా ఉంచే బ్యాంకు ఖాతా) నుంచి నేరుగా మీ బ్యాంకుకు వస్తుంది. ముందు ఫీజు ఎవరి యూపీఐ నంబరుకో పంపమంటే అది మోసమే.

నన్నడిగితే, కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో 'శిశు' రుణం కింద 50 వేల వరకు హామీ లేకుండానే ఇస్తారు. ముందు మీ బ్యాంకులో అడగండి. డ్వాక్రా గ్రూపులో ఉంటే స్త్రీనిధి రుణం గురించి కూడా కనుక్కోండి. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగాలి, నిజమే.

ప్రశ్న: మా నాన్నగారు పీటూపీ యాప్‌లో రెండు లక్షలు పెడతామంటున్నారు. 12 శాతం గ్యారంటీ అట, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చట.

జవాబు: ఆ రెండు మాటలూ చెల్లవండీ. 2024 ఆగస్టులో ఆర్‌బీఐ నిబంధనలు బిగించింది. గ్యారంటీ రాబడి అనీ, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి ఇస్తామనీ ప్రచారం చేయకూడదు. అప్పు తీసుకున్నవాళ్లు ఎగ్గొడితే నష్టం పూర్తిగా నాన్నగారిదే, యాప్‌ది కాదు. ఒకే మనిషికి 50 వేలకు మించి ఇవ్వకూడదనీ ఉంది. అంతగా సరదా ఉంటే పోయినా పర్లేదనుకునే ఐదారు వేలతో, పది మందికి పంచి చూడమనండి.