పాయింట్లు చేతితో కట్టబోయే అల్లునికి

చిరంజీవి అల్లునికి, నల్లగొండ నుంచి మామ ఆశీర్వదించి వ్రాయునది.

దేవరకద్రలో కృష్ణ స్టేషను వైపు రైలు మార్గం విడిపోయే చోటును నమూనాగా చేస్తున్నావనీ, దానికి కావలసిన పాయింట్లను, అంటే బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్ళించే పట్టాల అమరికను, చేతితోనే కట్టాలనుకుంటున్నావనీ తెలిసి సంతోషించాను. తప్పక పూనుకో, కాని అక్కడున్నది ఉన్నట్టు దింపాలని మొదటిసారే పట్టుపట్టకు. ప్రయాణికుల బండ్లు నడిచే దారిలో మన రైల్వే సాధారణంగా వేసే 1 ఇన్ 12 (పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున దారి పక్కకు విడిపోయే) పాయింటు దాదాపు 40 మీటర్ల పొడవుంటుంది. అసలులో 87వ వంతుండే నీ 1:87 కొలతలో అది 46 సెంటీమీటర్లు, అంటే బల్ల మీద మూరెడు దానికే పోతుంది. మొదటిదాన్ని పొట్టిగా, 1 ఇన్ 6గా కట్టు. పట్టాల మధ్య దూరం మన బ్రాడ్‌గేజ్‌కు లెక్క ప్రకారం 19.3 మిల్లీమీటర్లు రావాలి, అయితే బజారులో ఈ కొలత బండ్ల చక్రాలు 16.5కే దొరుకుతాయి కనుక ఆ చర్చలో పడకు.

స్లీపర్లకు కోఠి గుజరాతీ గల్లీలో రాగి పూత బోర్డు కొని సన్నగా కోసుకో. పట్టాను దానికి నేరుగా టంకం పెట్టవచ్చు. నమూనా ఇంజనుకు కరెంటు పట్టాల గుండానే అందుతుంది గనుక, రెండు పట్టాలూ కలిసిపోకుండా ప్రతి స్లీపరు మీది రాగిని పట్టాల మధ్య ఆకురాయితో గీసి తెంపి, అప్పుడే మల్టీమీటరుతో చూసుకో, తర్వాత షార్టును వెదకడం మహా విసుగు.

కదిలే ముక్క మీద మోజుతో కొత్తవారు టంగ్ రైల్స్‌తో, అంటే పక్కకు జరిగి దారి మార్చే మొనదేలిన పట్టాలతో, మొదలుపెడతారు. నీవు క్రాసింగ్ ముక్కుతో, అంటే రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే మొనతో, మొదలుపెట్టు. రెండు పట్టా ముక్కలను ఏటవాలుగా అరగదీసి, జతచేసి టంకం పెట్టాక, కొసను సూదిలా వదలక కాస్త మొద్దు చేసి, పైభాగాన్ని వెంట్రుకవాసి తగ్గించు. అసలు పట్టాలలోనూ అంతే చేస్తారు.

అందరూ తేలికగా తీసుకునేది చెక్ రైల్‌ను, అంటే క్రాసింగ్‌కు ఎదురుగా ఉన్న పట్టా లోపలి పక్కన బిగించే చిన్న పట్టాను. పక్కనున్న పట్టా నుంచి సందు కొలిచి దాన్ని బిగించేస్తారు. ఒక చక్రాన్ని తనవైపు పట్టి ఉంచి, అదే ఇరుసుకున్న రెండో చక్రం వెళ్ళి ముక్కును గుద్దకుండా ఆపడం దాని పని గనుక, ముక్కు నుంచి చెక్ రైల్ వరకు ఉండే దూరమే అసలు కొలత. ఆ దూరం సరిచూసే గేజ్ దిమ్మను ముక్కుకు ఆనించి పట్టుకునే టంకం పెట్టు. మన రైల్వేలో చెక్ రైల్ సందు 44 నుంచి 48 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే అర మిల్లీమీటరు వస్తుంది. అంత ఇరుకు పెడితే ఒక్క వ్యాగనూ కదలదు, నమూనా చక్రాల అంచులు దామాషాకు మించిన లావు. 1.25 దగ్గర ఉంచు.

టంగ్ రైల్‌ను, స్టాక్ రైల్‌కు (అది ఆనుకునే కదలని పట్టాకు) ఆనే వైపు నుంచి అరగదీసి, మూసిన స్థితిలో రెండింటి మీదుగా గోరుతో రాసి చూడు. గోరు ఎక్కడ తట్టుకుంటుందో చక్రం కూడా అక్కడే ఎక్కుతుంది. క్రాసింగ్ దగ్గర రెండు దారుల కరెంటు కలిసి షార్టు కాకుండా దాన్ని రెండు వైపులా కోసి విడదీసి, దానికి కరెంటును బల్ల కింది స్విచ్చు ద్వారా పాయింటుతోపాటే మారేట్టు ఇవ్వు.

ఇంజన్ బరువు లోపాలను కప్పేస్తుంది. అందుచేత ముందుగా నీ దగ్గరున్న వ్యాగన్లలో అన్నిటికంటే తేలికైనదాన్ని, రెండు దారుల్లోనూ, ఇటునుంచీ అటునుంచీ, వేలితో నెట్టి చూడు. క్రాసింగ్ దగ్గర ఎగిరితే ముక్కును అరగదీయవద్దు, చెక్ రైల్‌ను విప్పి మళ్ళీ బిగించు.

ఇట్లు, మీ మామ.