మధుమేహ పరిశోధనలోకి వస్తున్న అమ్మాయికి

అమ్మా,

మధుమేహం మీద పరిశోధన చేయబోతున్నానని రాశావు. చాలా సంతోషం. చదవవలసిన వ్యాసాల జాబితా పంపమన్నావు; అది మీ గైడు ఎలాగూ చేతిలో పెడతారు. నేను చెప్పేది వేరే. మొదటి వారం కంప్యూటర్ ముందు కూర్చోకు. రక్తం తీసే గదిలో ఓ మూల నిలబడి చూడు.

సూది తీసేశాక కూడా ట్యూబులోని రక్తకణాలు బతికే ఉంటాయి. వాటికీ ఆకలి ఉంటుంది. మామూలు ట్యూబులో, గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజును అవే తినేస్తాయి. బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు వాడాం కదా అని నిశ్చింతగా ఉండకు. ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగానే పడుతుంది. ట్యూబును వెంటనే మంచులో పెట్టి, వీలైనంత త్వరగా ప్లాస్మా, అంటే కణాలు లేని రక్తద్రవం, వేరు చేయాలి.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. ఒకసారి ఆహార నియమాల మీద చేసిన అధ్యయనంలో రెండో విడత పరగడుపు చక్కెర దాదాపు అందరికీ తగ్గింది. ఉబ్బితబ్బిబ్బయ్యాను, వ్యాసానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. ల్యాబు టెక్నీషియన్ కాసేపు తటపటాయించి, "సార్, ఆ రోజు ట్యూబులు మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉన్నాయి" అన్నారు. మూడు నెలల పని నీళ్లపాలైంది. ఆ ఒక్క మాట ఆయన మింగేసి ఉంటే నా పేరుతో ఒక అబద్ధం అచ్చయి ఉండేది.

"పరగడుపునే వచ్చారా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోకు. "ఏమీ తినలేదు" అనేవాళ్లలో చాలామందికి తాగింది లెక్కలోకి రాదు. ఏం తాగారు, ఎప్పుడు తాగారు అని విడిగా అడుగు.

ఇన్సులిన్ కొలిచేటప్పుడు ఇంకో చిక్కుంది. ఎర్రకణాలు పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎర్రబారితే, వాటిలోంచి బయటపడిన ఎంజైము ఇన్సులిన్‌ను ముక్కలు చేస్తుంది. ఆ అంకెతో హోమా సూత్రం (పరగడుపు చక్కెర, ఇన్సులిన్ కలిపి వేసే లెక్క) కట్టి ఈ మనిషికి ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒంటికి సరిగ్గా పట్టకపోవడం, లేదని తేల్చడం గాలిలో మేడ కట్టడమే. చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ శాతాన్ని చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకూ మెలికలున్నాయి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టే అది రెండు మూడు నెలల చక్కెర కథ చెప్పగలుగుతుంది. కణాలు త్వరగా నశించే జబ్బుంటే అసలుకన్నా తక్కువ చూపిస్తుంది, ఇనుము లోపముంటే ఎక్కువ చూపించవచ్చు. హిమోగ్లోబిన్ చూడకుండా ఆ అంకెను నమ్మకు.

ఎలుకలతో పనిపడితే గది ఉష్ణోగ్రత రాసిపెట్టుకో. మనకు హాయిగా ఉండే 22 డిగ్రీలు వాటికి చలి. తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది.

అంకె సరైనదే అనుకుందాం. అప్పుడూ తొందరపడకు. హెచ్‌బీఏ1సీని 6 శాతం కన్నా కిందికి దించాలని పదివేల మందికి పైగా రోగులతో అకార్డ్ అనే అధ్యయనం చేశారు. అంత కిందికి రాకపోయినా సుమారు 6.4 శాతం దాకా దించగలిగారు. కానీ గట్టిగా దించిన వర్గంలోనే ఎక్కువమంది చనిపోయారు, 2008లో ఆ చికిత్సను ఆపేశారు. చక్కెర దిగితే రోగి గట్టెక్కినట్టే అనుకునే నాలాంటి వాళ్లకు అది పెద్ద దెబ్బ. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహం మందు సంగతి అందుకు తలకిందులు: చక్కెరను తగ్గించింది కొద్దిగానే, గుండె జబ్బుల మరణాలను మాత్రం బాగా తగ్గించింది. అందుకే నీ అధ్యయనంలో దేన్ని మేలు అంటావో ఒక్క నమూనా కూడా తీయకముందే రాసి సంతకం పెట్టు. ఫలితాలు చూశాక రాస్తే మనసు మాట మారుస్తుంది; నా మనసూ మార్చింది.

శుద్ధి చేసే పనిని చిన్నచూపు చూడకు. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల కుర్రవాడికి ఇచ్చిన మొదటి ఇన్సులిన్ సూది పెద్దగా పనిచేయలేదు, పైగా సూది గుచ్చిన చోట చీముగడ్డ కట్టింది. ఆ బృందంలోని రసాయన శాస్త్రవేత్త కాలిప్ ఆ ద్రవంలోని మలినాలు తీసేశాక 12 రోజులకు మళ్లీ ఇస్తే చక్కెర దిగివచ్చింది. మరుసటి ఏడాది నోబెల్ అదే బృందంలోని బాంటింగ్‌కు, మెక్లాయిడ్‌కు వచ్చింది. మెక్లాయిడ్ తన వాటా సొమ్మును కాలిప్‌తో పంచుకున్నాడు.

నీ మొదటి 20 నమూనాలకు రక్తం తీసిన సమయం, ప్లాస్మా వేరు చేసిన సమయం పక్కపక్కన రాసి నాకు పంపు. ఫలితాలు తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న